సముద్రమట్టానికి దిగువనున్న దేశం తడవడం లేదు, 500 మీటర్ల ఎత్తునున్న మన కాలనీ ఎందుకు మునుగుతోంది?

చెరువు కింది కాలనీవాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. హైదరాబాద్ తూర్పు వైపున ఒక చెరువు కట్టకు దిగువనున్న కాలనీలో 2006 నుంచి సొంత ఇంట్లో ఉంటున్నాను. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు మా వీధిలోకి వచ్చిన నీరు మా ముందు గదిలో నాలుగడుగుల ఎత్తున రెండు రోజులు నిలిచింది. ఆ తరువాత గోడలకు రెండుసార్లు రంగు వేయించినా, శ్రావణంలో చెమ్మ ఎక్కగానే ఆ నీటి గీత మళ్లీ పైకి తేలుతుంది. స్విచ్ బోర్డులన్నీ ఐదడుగుల పైకి మార్పించుకున్నాం. ఇంటి కాగితాల పెట్టెను మా ఇంటావిడ ఇప్పటికీ అటక మీద నుంచి దించనివ్వదు.

మా అబ్బాయి నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో చదువుతున్నాడు. ఈ మధ్య మేమిద్దరం వెళ్లి అక్కడ మూడు వారాలు ఉండి వచ్చాం. ఒక సాయంత్రం ఊరి బయట నడుస్తూ ఉండగా ఒక దృశ్యం చూసి ఆగిపోయాను. ఎడమ చేతి వైపు పొలంలో ఆవులు మేస్తున్నాయి. కుడి చేతి వైపు కాలువలో ఒక పడవ పోతోంది. పడవ అడుగు భాగం ఆవుల వీపుల కంటే ఎత్తున ఉంది. నీళ్లు పైన, మనుషులు కింద ఉన్న ఆ ఊళ్లో ఎవరి ఇంట్లోనూ నీటి గీత లేదు. సముద్రానికి ఇంత ఎత్తున, నాలుగు వైపులా వాలు ఉన్న దక్కన్ పీఠభూమి మీద మేము మునిగాం.

వర్షాకాలానికి ముందు మా కాలనీ సంఘం తరఫున ఒక వినతిపత్రం ఇవ్వాలనుకుంటున్నాం. కాలనీకి చెరువు వైపున ఎత్తయిన ప్రహరీ గోడ కట్టమని అడుగుదామని ఎక్కువమంది అంటున్నారు. డచ్చివారి విద్యలో మనకు పనికొచ్చేది ఏమైనా ఉందా, ఉంటే అది గోడేనా, వినతిపత్రంలో ఏం రాయాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

ఏటిగట్టు ఇంజనీరు (విశ్రాంత):

నమస్కారమండీ. నేను నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. అందులో సగం కాలం గోదావరి ఏటిగట్ల మీద, మిగిలినది తెలంగాణ చెరువుల మీద గడిచింది. మీరు చూసిన ఆవులు, పడవ దృశ్యంలోనే ఆ దేశపు పద్ధతి అంతా ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

నెదర్లాండ్స్ భూమిలో దాదాపు 26 శాతం సముద్రమట్టానికి దిగువన ఉంది. గట్లే లేకపోతే వరదకు లోనయ్యే భాగం సగానికి పైమాటే. పల్లపు పొలంలో చేరిన నీటిని పంపులతో ఎత్తి గట్ల మధ్య నడిచే కాలువలో పోస్తారు, ఆ కాలువ దాన్ని నదికో సముద్రానికో చేరుస్తుంది. గట్టు చుట్టి, నీరు తోడి, సాగుకు తెచ్చిన అలాంటి పల్లాన్ని వారు పోల్డర్ అంటారు. ఇవాళ షిపోల్ విమానాశ్రయం ఉన్న చోట ఒకప్పుడు హార్లెమ్మర్‌మేర్ అనే పెద్ద సరస్సు ఉండేది. దాన్ని మూడు ఆవిరి పంపు కేంద్రాలతో తోడి 1852లో ఎండబెట్టారు. (ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినది కూడా ఆ ఏడాదే. ఒక చోట డెల్టాకు నీరు తెచ్చినవారు, మరొక చోట డెల్టా నుంచి నీరు తోడినవారు ఒకే కాలంలో పనిచేశారన్న విషయం నాకెప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది.) తోడటంలో ఒక చిక్కు ఉంది. కుళ్లిన మొక్కలతో ఏర్పడిన అక్కడి పీట్ నేల, నీరు పోయి గాలి తగలగానే కుంగుతుంది. కుంగినందువల్ల మళ్లీ తోడాలి. ఏడెనిమిది వందల ఏళ్లుగా ఈ పని ఒక్క రోజు కూడా ఆపే వీలు లేకపోవడం వల్లనే వారికి ఆ నైపుణ్యం అబ్బింది.

అయినా వారు మునిగారు. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రంలో రేగిన తుఫానుకు పెద్ద పోటు తోడై, జీలండ్ ప్రాంతంలో గట్లు తెగి, 1,836 మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగినవారికి ఆ రాత్రి ఎలా ఉండి ఉంటుందో నేను వివరించనక్కరలేదు. మూడు వారాలు తిరగకముందే డెల్టా కమిషన్ ఏర్పడింది. ఆ కమిషన్ గొప్పదనమంతా అది అడిగిన మొదటి ప్రశ్నలో ఉందని నా అభిప్రాయం. గట్టు ఎంత ఎత్తున కట్టాలని కాకుండా, గట్టు తెగే ప్రమాదాన్ని ఎంతవరకు సహించగలమని అడిగారు. జనం, సంపద కిక్కిరిసిన పశ్చిమ తీరానికి ఏడాదికి పదివేలలో ఒక వంతు అని, పెద్ద నదుల గట్లకు 1,250లో ఒక వంతు అని ప్రమాణాలు ఏర్పడ్డాయి; ఆ అంకెల నుంచి ఎత్తు, వెడల్పు, ఖర్చు లెక్కగట్టారు. 2017 నుంచి అమలులో ఉన్న కొత్త ప్రమాణం ప్రకారం, గట్టు వెనుక నివసించే ఏ మనిషికైనా వరద వల్ల ప్రాణహాని ఏడాదికి లక్షలో ఒక వంతుకు మించకూడదు. మన దగ్గర ఒక నాలా ఎంత వానకు తట్టుకోవాలో ప్రజలకు తెలిసేలా ముందే చెప్పి కట్టిన సందర్భాలు నా ఉద్యోగ జీవితంలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆ తరువాత కట్టినవన్నీ ప్రపంచమంతా చూసినవే. తూర్పు స్కెల్ట్ అఖాతం మీద తొమ్మిది కిలోమీటర్ల అడ్డుకట్టను 1986లో ప్రారంభించారు. ముందు దాన్ని పూర్తిగా మూసేసే ఆనకట్టగానే తలపెట్టారు. ఉప్పునీరు రాకపోతే ఆల్చిప్పలు, చేపలు నశిస్తాయని జాలర్లు, పర్యావరణవాదులు ఏళ్ల తరబడి పోరాడాక, మామూలు రోజుల్లో తెరిచి ఉండి తుఫానుకు మాత్రమే దిగే 62 ఉక్కు తలుపులతో నమూనాను మార్చారు. రోటర్‌డామ్ ఓడరేవు ముఖద్వారంలోని మాస్‌లాంట్ తలుపు 1997లో వచ్చింది. 210 మీటర్ల పొడవున్న రెండు వంపు తలుపులు, రెండు ఒడ్లలోని గుంటల నుంచి తేలుకుంటూ వచ్చి నది మధ్యలో కలిసి, లోపల నీరు నింపుకుని అడుగుకు దిగుతాయి. మూసే నిర్ణయాన్ని కంప్యూటరే తీసుకుంటుంది.

ఇక నేను కళ్లతో చూసిన విషయం చెప్పనివ్వండి. 1986 ఆగస్టులో గోదావరికి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు నేను కొత్తగా చేరిన అసిస్టెంట్ ఇంజనీరును. (రైన్ నదికి డచ్చివారు ఇప్పుడు పెట్టుకున్న లెక్క సెకనుకు 16 వేల ఘనపు మీటర్లు, అంటే అయిదున్నర లక్షల క్యూసెక్కులు చిల్లర. మన నది ముందు అది చిన్నదే.) అర్ధరాత్రి ఒక లస్కరు (గట్టు కాపలా మనిషి) లాంతరు పట్టుకుని పరుగున వచ్చి, గట్టుకు ఊరి వైపున్న అరటి తోటలో నీరు ఉడుకుతోందని చెప్పాడు. వెళ్లి చూస్తే పళ్లెమంత చోట నేల నుంచి బుడబుడమని నీరు పొంగుతూ, దానితో పాటు సన్నటి ఇసుక వచ్చి చుట్టూ చీమల పుట్టలా పేరుకుంటోంది. నేను దాన్ని మట్టితో పూడ్చమన్నాను. ఆ లస్కరు నా చెయ్యి పట్టుకుని ఆపి, ‘పూడిస్తే ఇంకో చోట లేస్తుంది బాబూ’ అని, దాని చుట్టూ ఇసుక బస్తాలతో బావి ఒరలా నడుమెత్తు వలయం కట్టించాడు. వలయంలో నీరు ఎక్కేకొద్దీ నది వైపు ఒత్తిడికి ఎదురు ఒత్తిడి ఏర్పడి, నీరు తేటగా మారి, ఇసుక రావడం ఆగింది. ఇసుక వస్తున్నంతసేపూ గట్టు కింద సొరంగం పెరుగుతున్నట్టే లెక్క. చాలా ఏళ్లకు నెదర్లాండ్స్‌లో ఆరు వారాల శిక్షణకు వెళ్లినప్పుడు, వరదల్లో గట్టు కాపలా కాసే స్వచ్ఛంద దళాలకు సరిగ్గా అదే వలయం కట్టడం నేర్పుతుండగా చూశాను. వారు దాన్ని ఏటా సాధన చేస్తారు, మన దగ్గర అది ఆ లస్కరుతోనే పోయింది.

గట్టు వానకే తెగుతుందనుకోకండి. 2003 ఆగస్టులో విల్నిస్ అనే ఊరిలో తీవ్రమైన ఎండలకు ఒక పీట్ గట్టు నీరు కోల్పోయి తేలికై, కాలువ నీటి తోపుడుకు పక్కకు జరిగిపోయి, వీధుల్లోకి నీరొచ్చింది. అప్పటి నుంచి కరువు కాలంలో కూడా గట్ల మీద తిరిగి పగుళ్లు చూస్తున్నారు.

మీ ప్రశ్నకు వస్తాను. మీ ఇబ్బంది నిలిచి ఉన్న నీరు కాదు, వాలున దూకి వచ్చే నీరు. వారికి తుఫాను సమాచారం రోజుల ముందు అందుతుంది, మీకు మూడు గంటలు ఉంటే అదృష్టం. అందువల్ల తలుపులు, గోడలు యథాతథంగా మనకు సరిపోవు. మనకు సరిపోయే విద్య ఈ ఊళ్లోనే ఉంది. 1908 మూసీ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు వచ్చి పరిశీలించినప్పుడు, నగరానికి ఎగువన 788 చెరువులు ఉన్నాయని, వాటిలో 221 తెగాయని తేల్చారు. ఒక్కొక్క చెరువు తెగి కిందిదాన్ని తెంపుకుంటూ రావడం వల్లనే నీరు గోడలా వచ్చింది. ఆయన నది పొడవునా గోడ కట్టి ఊరుకోమనలేదు. ఎగువన వరదను పట్టి నిదానంగా వదిలే జలాశయాలు కావాలన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా పూర్తయ్యాయి. నీటికి చోటు చూపించడమే అసలు పని అని డచ్చివారు ఇటీవల చెబుతున్న మాట మన నగరానికి నూరేళ్ల నాటిది.

ఉట్రెక్ట్ నుంచి తిరిగొచ్చాను:

నేను ఏడేళ్లు ఉట్రెక్ట్ నగరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు కొండాపూర్‌లో ఉంటున్నాను. ఇంజనీరు గారు నిర్మాణాల గురించి చెప్పారు. అక్కడ ఒక సాధారణ నివాసిగా నా చేతికి అందినదాన్ని నేను చెబుతాను.

మొదటి ఏడాది మా పోస్టు డబ్బాలో ఒక పన్ను కాగితం వచ్చింది. అది మున్సిపాలిటీది కాదు, ప్రభుత్వానిది కాదు, ‘నీటి మండలి’ది. గట్ల రక్షణకు, కాలువల మట్టానికి, మురుగునీటి శుద్ధికి అని విడివిడిగా రాసి, ఏడాదికి కొన్ని వందల యూరోలు కట్టమన్నారు. నాకు కోపం వచ్చి పక్కింటి పెద్దావిడను అడిగాను. ‘నేను కట్టే పన్నుల్లో ఎప్పుడూ గొణగని పన్ను ఇదొక్కటే, ఎందుకంటే నా పరుపు పొడిగా ఉంది’ అని ఆవిడ అన్నారు.

ఈ నీటి మండళ్లు అక్కడి దేశ ప్రభుత్వం కంటే పాతవి. రైన్‌లాండ్ మండలికి 1255లోనే అధికార పత్రం ఉంది. మీ అబ్బాయి ఉన్న డెల్ఫ్ట్‌లోని మండలి 1289 నాటిది, దాని పాత భవనం ముఖద్వారం మీద రంగురంగుల వంశ చిహ్నాలు చెక్కి ఉంటాయి, ఈసారి వెళితే చూడండి. 1950 ప్రాంతంలో ఇవి 2,600 దాకా ఉండేవి. చిన్నవాటికి గట్లను నిలబెట్టే శక్తి లేదని 1953 వరద తేల్చాక కలుపుతూ వచ్చి ఇప్పుడు 21 చేశారు. వాటి హద్దులు జిల్లాల హద్దులు కావు, నీరు పారే హద్దులు. నాలుగేళ్లకోసారి ఎన్నికలు జరుగుతాయి, వసూలైన పన్ను నీటి పనికే ఖర్చవుతుంది. ఇక్కడ మా నాలా ఒక డివిజన్‌లో పుట్టి, మూడు డివిజన్లు దాటి చెరువులో కలుస్తుంది. ఫిర్యాదు చేస్తే ప్రతి చోటా పక్కవారిని చూపిస్తారు.

ఇంకో రెండు సంగతులు. శరదృతువులో ‘కాలువ తనిఖీ’ అని ఒకటి ఉంటుంది. పొలం పక్కన కాలువ ఎవరి భూమిని ఆనుకుని ఉంటే, వారే ఫలానా తేదీలోపు అందులో గడ్డి, నాచు తీసి శుభ్రం చేయాలి. మండలి మనిషి వచ్చి చూస్తాడు. చేయకపోతే మండలివారే చేయించి ఆ ఖర్చు వసూలు చేస్తారు. మా ఇంటాయన సహోద్యోగి ఒకరు నడుము నొప్పితోనే మోకాలి లోతు నీళ్లలో దిగి పొడవాటి దంతెతో నాచు లాగుతుంటే నేను చూశాను. రెండోది, గట్లకు బొరియలు చేసే నీటి ఎలుకలను పట్టడానికి ప్రత్యేకంగా జీతాలిచ్చి మనుషులను పెట్టారు. మా అమ్మమ్మ ఊరు సిద్దిపేట దగ్గర. వెనుకటి రోజుల్లో చెరువు కట్టకు ఎండ్రకాయ బొక్కలు, పందికొక్కు బుంగలు వెతకడానికి నీరటి ఉండేవాడని, పంట రాగానే ప్రతి రైతూ అతనికి ధాన్యం కొలిచేవాడని ఆమె చెప్పేది. రెండు ఉద్యోగాలూ ఒకటే. అక్కడిది మిగిలింది, ఇక్కడిది పోయింది.

మూసీ ఒడ్డున పుట్టినవాడు:

నేను చాదర్‌ఘాట్ దగ్గర మూసీ ఒడ్డున పుట్టి పెరిగాను. 1908 సెప్టెంబరు 28న అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది, చిన్నప్పుడు మా నాయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాడు. అందుకే నీటికి చోటు ఇవ్వాలన్న మాటను నేను కాదనను. అయితే ఆ చోటు ఎవరి ఇంటి నుంచి వస్తుందన్న సంగతి ఈ చర్చలో ఇంతవరకు రాలేదు.

1993లోను, 1995లోను రైన్, మ్యూజ్ నదులు పొంగి, రెండోసారి దాదాపు రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించాల్సి వచ్చాక, డచ్చివారు ‘నదికి చోటు’ అనే కార్యక్రమం తలపెట్టి ముప్పైకి పైగా చోట్ల గట్లను వెనక్కి జరిపారు, పక్క కాలువలు తవ్వారు, కొన్ని పోల్డర్లను మళ్లీ నదికి వదిలారు. నైమేఖన్ నగరం దగ్గర లెంట్ అనే ఊరిలో గట్టును 350 మీటర్లు వెనక్కి జరపడానికి దాదాపు యాభై ఇళ్లు తీయవలసి వచ్చింది. అక్కడి వారు ఏళ్ల తరబడి ఎదిరించారు, వాదించారు, ప్రత్యామ్నాయాలు చూపారు. పరిహారం, వేరే ఇల్లు తేలాకే పని మొదలైంది. ఓవర్‌డీప్ పోల్డర్‌లో రైతులు తామే ముందుకొచ్చి, తమ పొలాన్ని వరదకు వదులుతామని, ఇళ్లు, పశువుల కొట్టాలు కట్టుకోవడానికి ఎత్తయిన మట్టి దిబ్బలు వేసి ఇవ్వమని పథకం రాసిచ్చారు. ప్రభుత్వం దాన్నే అమలు చేసింది. కొందరు దిబ్బలెక్కారు, కొందరు పరిహారం తీసుకుని వెళ్లిపోయారు.

మన దగ్గర నాలా మీద, శిఖం భూమిలో (చెరువు నీరు నిలిచే నేలలో) ఉన్న ఇళ్లు ఎవరివో మీకు తెలుసు. కూలికి వచ్చి, ఎవరో గీసిన ప్లాటును కాగితం చూపిస్తే నమ్మి కొన్నవారు ఎందరో ఉన్నారు. మీరు వినతిపత్రంలో ‘ఆక్రమణలు తొలగించాలి’ అని ఒక్క ముక్క రాస్తే, మొదట పోయేది రేకుల ఇల్లు, చివరిదాకా నిలిచేది ఆరంతస్తుల భవనం. డచ్చివారి నుంచి నేర్చుకునేదేదైనా ఉంటే ఓవర్‌డీప్ రైతులతో కూర్చున్న ఆ బల్లను కూడా నేర్చుకుందామని నా మనవి.

భూగోళం టీచరు:

ఒక చిన్న దిద్దుబాటు. నెదర్లాండ్స్ అంతా బల్లపరుపుగా ఉంటుందని పిల్లలకు నేనూ చెబుతూ వచ్చాను, అది నిజం కాదు. ఆగ్నేయ కొసన ఉన్న లింబర్గ్ ప్రాంతంలో కొండలు, వాగులు ఉన్నాయి. 2021 జూలై మధ్యలో అక్కడ రెండు రోజుల్లో 15 సెంటీమీటర్లకు పైగా వాన పడి, గూల్ అనే చిన్న వాగు పొంగి, వాల్కన్‌బర్గ్ పట్టణం నడిబొడ్డు మునిగింది. పక్కనే జర్మనీలో అదే వానకు 180 మందికి పైగా చనిపోయారు. నెదర్లాండ్స్‌లో ఎవరి ప్రాణమూ పోలేదు గాని, ఇళ్లు, దుకాణాలు పెద్దయెత్తున పాడయ్యాయి. సముద్రాన్ని ఆపే తలుపులేవీ అక్కడ అక్కరకు రాలేదు.

మనకు పోలిక కావలసింది ఆ ప్రాంతమే. 2020 అక్టోబరులో బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లు, 2000 ఆగస్టు 24న 24 సెంటీమీటర్లు పడ్డాయి. వాలు, వాగు, తక్కువ సమయంలో పెద్ద వాన, అన్నీ సరిపోతాయి. లింబర్గ్ నీటి మండలి వాలుల మీద ఏం చేస్తోందో చూస్తే మీకు నవ్వు రాదు, దుఃఖం వస్తుంది. పొలాల దిగువన, ఊళ్లకు ఎగువన వందల సంఖ్యలో చిన్న చిన్న గుంటలు తవ్వి, చుట్టూ కట్టలు పోసి, ఎండాకాలమంతా గడ్డితో ఖాళీగా ఉంచుతారు. వాన పడితే నిండి, సన్నటి తూము ద్వారా మెల్లగా ఖాళీ అవుతాయి. మనం వాటిని కుంటలు అంటాం. ఒక కుంట నిండి అలుగు పారితే కింది చెరువుకు చేరేలా గొలుసుకట్టు కట్టి ఇచ్చిన పూర్వికుల నేల ఇది. మా పాఠశాల పక్క వీధికి ఇప్పటికీ కుంట పేరే ఉంది. కుంట మాత్రం లేదు.

చెరువు కింది కాలనీవాసి:

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవి నిన్న సాయంత్రం కాలనీ సమావేశంలో చదివి వినిపించాను. మూసీ ఒడ్డు మిత్రుని మాట విన్నాక, మా వినతిపత్రం ముసాయిదాలో ఉన్న ‘ఆక్రమణలు’ అన్న పేరాను ఆపి ఉంచాం. ఎందుకంటే మా చెరువు మత్తడి (చెరువు నిండితే నీరు పొర్లిపోయే అలుగు) నుంచి దిగువకు పోవలసిన కాలువ మీద పెద్ద స్లాబు వేసి, దాని మీద వరుస దుకాణాలు కట్టింది బస్తీవారు కాదు, ఒక నిర్మాణదారు. 2020లో నీరు ముందుకు పోలేక వెనక్కి తిరిగి మా వీధిలోకి వచ్చినది అక్కడి నుంచేనని అప్పట్లో మాలో కొందరు అన్నారు, ఎవరూ కొలిచి చూడలేదు.

ఇంజనీరు గారిని రెండు విషయాలు అడగాలనుకుంటున్నాను. గోడ కట్టుకుంటే నష్టమేమిటి? మేమే కొలవగలిగినవి ఏమైనా ఉన్నాయా?

ఏటిగట్టు ఇంజనీరు (విశ్రాంత):

గోడ సంగతి ముందు చెబుతాను. పోల్డర్‌కు గట్టు ఎంత ముఖ్యమో పంపు అంత ముఖ్యం. గట్టు కట్టిన మరుక్షణం నుంచి లోపల పడిన వాన బయటికి పోయే దారి మూసుకుపోతుంది. మీ కాలనీకి గోడ కడితే చెరువు నీరు ఆగుతుంది, మీ ఇళ్ల కప్పుల మీద, రోడ్ల మీద పడిన నీరు లోపలే తొట్టిలా నిండుతుంది. దాన్ని తోడటానికి పంపు, పంపుకు జనరేటరు, జనరేటరుకు డీజిలు, అర్ధరాత్రి వానలో దాన్ని నడిపే మనిషి కావాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా గోడ మీకే ఎదురు తిరుగుతుంది. పైగా మీ నుంచి మళ్లిన నీరు గోడ చివర ఉన్న పక్క బస్తీలోకి రెట్టింపు వేగంతో వెళుతుంది. రోటర్‌డామ్‌లో కూడా నగరం లోపలి వానకు గోడలు పనికిరాకనే, 2013లో బెంతమ్ కూడలిలో పిల్లలు ఆడుకునే మైదానాన్నే మెట్ల గుంటలుగా కట్టి, వాన పడితే 17 లక్షల లీటర్ల నీరు నిలిచేలా చేశారు. మన నగరంలోనూ నీరు నిలిచే కొన్ని కూడళ్ల దగ్గర ఈ మధ్య భూగర్భ సంపులు కట్టారు. ఆలోచన మంచిదే, పూడిక తీస్తూ ఉంటేనే పనిచేస్తాయి.

కొలవగలిగినవి చాలా ఉన్నాయి. మత్తడి వెడల్పు ఎంత, అది పారే కాలువ వెడల్పు ఎంత, స్లాబు కింద ఖానా (నీరు పోయే సందు) వెడల్పు, ఎత్తు ఎంత, అందులో పూడిక ఎంత అన్నది టేపుతోనే తేలుతుంది. నీరు నడిచే దారిలో ఎక్కడ ఇరుకు ఉంటే మొత్తం కాలువ సామర్థ్యం అంతే. మత్తడి ముప్పై అడుగులు ఉండి ఖానా ఎనిమిది అడుగులే ఉంటే, ఎంత పెద్ద అధికారికైనా ఆ రెండు అంకెలు చాలు. అలాగే మీ కాలనీలో 2020 నాటి నీటి గీత ఎవరెవరి గోడ మీద ఎంత ఎత్తున ఉందో రాసుకోండి. గీతలన్నీ ఒకే మట్టంలో ఉంటే నీరు నిలిచి ఎక్కిందని, మత్తడి వైపు ఎత్తుగా, మీ వైపు తగ్గుతూ ఉంటే ప్రవాహంగా వచ్చిందని అర్థం. రంగు కింద దాగిన గీత చెమ్మకు తేలుతుందని మీరే రాశారు కాబట్టి, తొలకరి పడ్డాక చూస్తే స్పష్టంగా దొరుకుతుంది. మట్టం పోల్చడానికి తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం సరిపోతుంది.

వినతిపత్రంలో గోడ బదులు మూడు విషయాలు అడగండి. స్లాబు కింద ఖానాను మత్తడి వెడల్పుకు తగ్గకుండా విస్తరించడం మొదటిది. ఏటా మే నెలాఖరులోపు మత్తడి నుంచి తరువాతి చెరువు దాకా పూడిక తీసి, తీసిన తేదీని కట్ట మీద బోర్డుకు రాయడం రెండోది. పెద్ద వాన హెచ్చరిక రాగానే తూము తెరిచి చెరువు మట్టాన్ని కొంత దించి ఉంచడం మూడోది. ఈ మూడో దానికి ముందు దిగువ చెరువువారితో మాట్లాడాలి. మీరు వదిలిన నీరు వారి ఇంటికే వెళుతుంది. కట్టకు మీ కాలనీ వైపు, కింది పాదం దగ్గర, తడి మచ్చలు ఉన్నాయేమో కూడా చూడండి. తేటనీరు చెమ్మగిలితే భయం లేదు, మట్టి రంగు నీరు వస్తే ఆ రోజే శాఖవారికి చెప్పాలి.

ఉట్రెక్ట్ నుంచి తిరిగొచ్చాను:

పూడిక తీసిన తేదీని బోర్డుకు రాయడం చాలా మంచి ఆలోచన. అక్కడ తనిఖీ తేదీని ఇంటింటికీ తెలిసేలా ముందే ప్రకటిస్తారు, అందువల్లే ఎవరూ తప్పించుకోలేరు. కాలనీవాసి గారూ, మీ సంఘం నెలవారీ చందాలో కొంత భాగాన్ని కాలువ పనికే అని విడిగా పెట్టి, దిగువ చెరువు కాలనీ సంఘాన్ని కూడా కలుపుకోగలరేమో ఆలోచించండి. రెండు సంఘాలు ఒకే కాగితం మీద సంతకం చేస్తే దాని బరువు వేరు.

చెరువు కింది కాలనీవాసి:

దిగువ కాలనీ సంఘం అధ్యక్షులతో ఈ ఉదయమే ఫోనులో మాట్లాడాను. మా మీద ఇన్నాళ్లుగా వారికి కోపం ఉందని, మా మత్తడి నీటి వల్లే తాము మునిగామని వారు అనుకుంటున్నారని ఇప్పుడే తెలిసింది. కలిసి కొలుద్దామంటే ఒప్పుకున్నారు. ఖానా మీద దుకాణాల వెనుక రేకుల ఇళ్లలో ఉండే ఇద్దరు పెద్దమనుషులు కూడా వస్తామన్నారు. వాన రాత్రి నీరు ఏ వైపు నుంచి ఎన్ని గంటలకు వచ్చిందో మా కంటే వారికే బాగా గుర్తుంది. ఈ ఆదివారం ఉదయం ఆరున్నరకు అందరం కట్ట మీద కలుస్తున్నాం. మా మేస్త్రీ నలభై అడుగుల నీళ్ల గొట్టం తెస్తానన్నాడు. కొలిచిన అంకెలు సోమవారం ఇక్కడే పెడతాను, ఇంజనీరు గారు దయచేసి ఒకసారి చూడగలరు.